ఇంకో పట్టీ

యుద్ధం అయ్యాక కొన్న మిలిటరీ జీపు నిన్న శామీర్‌పేట వాగులో నీళ్లెక్కి ఆగిపోయింది. నొప్పులు పడుతున్న భార్య దానమ్మను బొల్లారం ఆసుపత్రికి చేర్చలేక, నా మనవడు అబ్రహాం ఇంటికి తెచ్చాడు.

పొద్దున్నే మిస్త్రీని పిలిపించాడు. చక్రాల మీది కమాను కట్టలకు ఇనుప పట్టీలు పెంచి జీపును బెత్తెడు ఎత్తు లేపించాడు.

"ఇంకో పట్టీ ఎయ్యి. ఇయ్యాల దానమ్మకు సుక్క నీళ్లు తగలొద్దు."

"గిన్ని పట్టీలేస్తే బండి ఎగిరెగిరి పడ్తది, భాయ్. నిండు మనిషి కుదుపులకు ఆగుతదా?"

"ఎయ్యి. ఇగ ఆమెకు కుదుపులు తెల్వయ్."

మిస్త్రీ వసారాలో కూర్చున్న నా చేతుల వైపు చూశాడు. శవపెట్టెలో పరిచే తెల్లబట్ట కుడుతున్నాను.

మా సమాధుల తోట కూడా వాగు అవతలే ఉంది.