ఎవరు చూసుకుంటున్నారు?

"మళ్ళీ సర్వర్ అన్నారు," అంటూ గిరిజాకుమారి అట్లకాడ పైకెత్తింది.

జనార్దనరావు నాలుక కరుచుకున్నాడు. పదకొండింటికి ఇంటర్వ్యూ. ఇప్పుడు ఎనిమిదిన్నర. పొయ్యి దగ్గర అట్లు పోస్తున్న భార్యే ప్రస్తుతానికి బోర్డు చైర్‌పర్సన్. అర్థంకాని మాట దొర్లినప్పుడల్లా అట్లకాడ లేస్తుంది, అతని కంచంలో పడాల్సిన అట్టు ఆమె కంచంలో పడుతుంది. ఇప్పటికి ఆమె నాలుగు తినేసింది. అతను తిన్నది ఒక్కటే.

ఐర్లండ్‌లో పదకొండు వృద్ధాశ్రమాలు నడిపే కంపెనీకి జనార్దనరావు ఐటీ మేనేజరు. పద్దెనిమిదేళ్ళుగా అక్కడ ఏ కంప్యూటరు మూలిగినా పరిగెత్తేది అతనే. ఆ పరుగే అతని కొంప ముంచింది. మొత్తం ఐటీకి పెద్ద తలకాయ అయిన సీఐఓ కుర్చీ ఖాళీ అయితే, "జనార్దన్ లేకపోతే ప్రింటర్లు ఎవరు చూస్తారు?" అని ఆఫీసులో ఒకటే నవ్వు. పోటీలో మిగిలింది ఇద్దరు. రెండోవాడు శ్రీహర్ష. కొత్తగా చేరినప్పుడు వాడికి పాస్‌వర్డ్ మార్చుకోవడం నేర్పింది సాక్షాత్తూ జనార్దనరావే. ఇవాళ గనక ఇంటర్వ్యూ పోయిందంటే, రేపట్నుంచి ఒక పూట సెలవు కావాలన్నా శ్రీహర్ష ముందు నిలబడాలి.

అందుకే మూడు నెలలపాటు శనివారాలన్నీ త్యాగం చేసి సీఐఓ శిక్షణకి వెళ్ళాడు. అక్కడ ఓర్లా అనే ఆవిడ మొదటిరోజే రెండు ముక్కలు చెప్పింది. ఒకటి, ఏది చెడిపోయినా చెయ్యి పెట్టకూడదు, 'ఎవరు చూసుకుంటున్నారు?' అని అడిగి, తను మనుషులతో మాట్లాడాలి. రెండు, ఆ మాట్లాడేది మామూలు మాటల్లో మాట్లాడాలి. మొదటిది జనార్దనరావు కాగితం మీద రాసి ఫ్రిజ్‌కి అంటించుకున్నాడు. రెండోది మాత్రం ఒంటబట్టలేదు. ఇంటర్వ్యూకి నలభై రెండు స్లైడ్లు సిద్ధం చేశాడు మహానుభావుడు.

"ఆ స్లైడ్లు తీసి పక్కన పెట్టండీ," అంది గిరిజాకుమారి. "జీపీ డాక్టరు క్లినిక్‌లో రోజంతా కంప్యూటరు ముందే కూర్చుంటాను నేను. నాకే అర్థం కానిది వాళ్ళకేం అర్థమవుతుంది?"

"నువ్వూరుకో గిరిజా. అది నా పద్దెనిమిదేళ్ళ కష్టం."

పదకొండయింది. బయట పెనుగాలి. వాతావరణం వాళ్ళు ఎల్లో వార్నింగ్ ఇచ్చారు. బ్లాంచర్డ్స్‌టౌన్‌లో వాళ్ళుండే వీధిలో చెత్త డబ్బాలు వాటంతటవే షికారుకెళ్తున్నాయి. మేడమీద గదిలో జనార్దనరావు టై సర్దుకుని లాప్‌టాప్ ముందు కూర్చున్నాడు. తెర మీద డబ్లిన్ నుంచి చైర్‌పర్సన్, డండాక్ నుంచి ఒకాయన, వాటర్‌ఫోర్డ్ నుంచి ఇంకొకావిడ.

మొదటి స్లైడుకి ముగ్గురూ తలలూపారు. నాలుగో స్లైడుకి డండాక్ ఆయన కిటికీలోంచి గాలిని చూడటం మొదలుపెట్టాడు. ఆరో స్లైడుకి వాటర్‌ఫోర్డ్ ఆవిడ కళ్ళు మూతలు పడుతున్నాయి. ఎనిమిదో స్లైడుకి చైర్‌పర్సన్ పెన్నుకి మూత పెట్టేసింది. జనార్దనరావు అన్నీ చూస్తూనే ఉన్నాడు, చెమటలు పడుతూనే ఉన్నాయి, అయినా ఆ నోరు ఆగితే కదా! తన గొంతు మేడ మెట్లన్నీ దిగి వంటింట్లోకి వినిపించేలా సర్వర్, సర్వర్ అంటూనే ఉన్నాడు.

ఉన్నట్టుండి తెర బిగుసుకుపోయింది. ఆ తర్వాత బొమ్మలన్నీ మాయం. నెట్ పోయింది.

జనార్దనరావు కాళ్ళు అలవాటు ప్రకారం మెట్లవైపు పరిగెత్తాయి. రెండు మెట్లు దిగాక ఓర్లా గుర్తొచ్చింది. వెనక్కొచ్చి కుర్చీలో కూలబడి, రెండు చేతులూ తొడల కింద పెట్టుకుని గట్టిగా కేకేశాడు.

"గిరిజా, నెట్ పోయింది. ఎవరు చూసుకుంటున్నారు?"

"నేను చూసుకుంటున్నాను," అని కింద నుంచి జవాబొచ్చింది. "మీరు ఫోన్లో మాట్లాడండి."

చైర్‌పర్సన్‌కి ఫోన్ చేశాడు. లైను పోయిందనీ, మా వాళ్ళు చూసుకుంటున్నారనీ చెప్పాడు. ఆవిడ ఫోన్‌ని మిగతా ఇద్దరికీ వినిపించేలా పెట్టి, కానివ్వమంది. స్లైడ్లు లేకపోయేసరికి జనార్దనరావుకి చేతులు విరిగినట్టయింది. ఏం చెప్పాలో తోచక, కళ్ళారా చూసింది చెప్పాడు.

"మన వాటర్‌ఫోర్డ్‌లో ఒక పెద్దావిడకి మాత్ర వేస్తే, ఆ సంగతి నర్సు మూడు చోట్ల రాయాలి. నేనొస్తే ముందు ఒక్కచోటే రాసేలా చేస్తాను. మిగిలిన టైములో ఆ నర్సు కాసేపు ఆవిడ పక్కన కూర్చుంటుంది."

అది వినగానే వాటర్‌ఫోర్డ్ ఆవిడ ఒక ప్రశ్న వేసింది. వెంటనే డండాక్ ఆయన రెండు వేశాడు. ఇరవై నిమిషాల తర్వాత మాటలు అయిపోయేసరికి నెట్ కూడా వచ్చేసింది.

మూడింటికి చైర్‌పర్సన్ ఫోన్. ఉద్యోగం అతనిదే. లైను పోగానే వైరు పట్టుకుని పరిగెత్తుతాడనుకున్నారట, పరిగెత్తనందుకు ముచ్చట పడ్డారట. ఆ స్లైడ్లు ఇంకో ఐదు నిమిషాలు సాగుంటే మాత్రం శ్రీహర్షకే ఇచ్చేసేవాళ్ళమని కూడా ఆవిడ నవ్వుతూ చెప్పింది. అంతా గ్రాండ్, సోమవారం కలుద్దామంది.

జనార్దనరావు గాల్లో తేలిపోయాడు. కానీ పద్దెనిమిదేళ్ళ దురద ఊరుకుంటుందా? నెట్ ఎందుకు పోయిందో తేలాలి. ఇంటర్నెట్ కంపెనీకి ఫోన్ చేశాడు. గాలికి మీ వీధిలో లైను క్షణం కూడా పోలేదనీ, పదకొండూ ఇరవైకి మీ ఇంట్లోనే రూటర్‌కి కరెంటు ఆగిందనీ, ఇరవై నిమిషాలకి తిరిగొచ్చిందనీ వాళ్ళు చెప్పారు.

రూటర్ ఉండేది వంటింట్లో. ధనధనమని మెట్లు దిగాడు.

"గిరిజా, రూటర్ ప్లగ్గు పీకావా?"

"పీకాను," అంది ఆమె తాపీగా. "గ్రైండరు వైరు అక్కడికే అందుతుంది."

జనార్దనరావుకి ఒళ్ళు మండింది. "ఇంకా ముప్ఫై నాలుగు స్లైడ్లున్నాయి! సరిగ్గా అప్పుడే రుబ్బాలా పిండి?"

గిరిజాకుమారి ఫ్రిజ్ తలుపు తీసి, పొద్దున అట్లు పోయగా మిగిలిన పిండి ఉన్న పెద్ద గిన్నె చూపించింది.

"పిండి నిన్ననే రుబ్బేశానండీ."