గుట్ట ఎక్కని వ్యాన్

ఉపేందర్ కాలు పూర్తిగా దించి తొక్కాడు. ఇంజన్ సింహంలా గర్జించింది. వ్యాన్ మాత్రం చూడి బర్రెలా రెండడుగులు వేసి ఆగి, మెల్లగా వెనక్కి జారడం మొదలుపెట్టింది.

"థూ, నీ యబ్బ!" అంటూ బ్రేకు మీద నిలబడ్డాడు.

గంట కిందట టేకులపల్లి బజారులో కొట్టేసిన బండి అది. క్లచ్ లేని ఆటోమేటిక్ బండి అని చూడగానే మురిసిపోయాడు. ఎడమ కాలికి పని లేదు, గేరు మార్చే పని లేదు, దొంగకు ఇంతకంటే సుఖమేముంటుంది అనుకున్నాడు. తీరా అడవిలో గుట్ట ఎక్కే చోటికి వచ్చేసరికి ఇంజన్ అరుపులే గానీ చక్రాలకు ఆ కబురు అందడం లేదు.

పక్క అద్దంలో ఒక మోటారు సైకిల్ కనిపించింది. దిగి చెట్లలోకి ఉరుకుదామా అనుకునేలోపే వచ్చి పక్కన ఆగింది. బొజ్జ మనిషి. హెల్మెట్ తీసి చల్లగా నవ్వాడు.

"ఏమైంది తమ్మీ?"

"బండి గుంజుతలేదన్నా. అరుస్తది గని కదలది."

"గేరు జారుతుందన్నట్టు. ఇంజన్ బంద్ చెయ్యకు. నడుస్తుండంగనే చూడాలె."

చక్రం కింద రాయి పెట్టి బానెట్ దగ్గరికి పోయాడు. అంతకుముందు ఉపేందర్ అరగంట తడిమినా దొరకని బానెట్ పిడి, ఆయన చేతికి చూడకుండానే దొరికింది. నూనె కొలిచే పుల్లను లాగి, తన జేబురుమాలుకే తుడిచి, మళ్ళీ ముంచి తీసి ముక్కు దగ్గర పెట్టుకున్నాడు.

"ఇగో, వాసన చూడు. మాడిన పప్పు వాసన వస్తలేదా? గేరు బాక్సుల నూనె తగ్గింది, ఉన్నది మసి అయింది. నూనె లేకుంటె లోపట ప్లేట్లు పట్టుకోవు. నువ్వు ఎంత తొక్కినా వట్టి లొల్లే."

"మరెట్లన్నా? నేను జల్దీ భద్రాచలం పోవాలె. మా అత్త దవాఖానాల ఉంది."

ఉపేందర్‌కు పెళ్ళే కాలేదు. అయినా అవసరమొచ్చినప్పుడల్లా అత్తకు ఏదో ఒక జబ్బు చేస్తూనే ఉంటుంది.

"అయ్యో పాపం!" అంటూ ఆ మనిషి తన సంచిలోంచి నూనె డబ్బా తీశాడు. టేకాకు ఒకటి తెంపి, గరాటులా చుట్టి, చుక్క కింద పడకుండా పోశాడు. ఉపేందర్ గుండె కరిగింది. లోకంలో ఇంకా ఇంత మంచివాళ్ళు ఉన్నారా అనిపించింది. ఉన్నారు కాబట్టే తనకు నాలుగు మెతుకులు దొరుకుతున్నాయని కూడా అనిపించింది.

"మీరు మెకానిక్కా అన్నా?"

"కాదు తమ్మీ, కరెంటు పని నాది. పేరు ధన్‌సింగ్. ఈ బండి నాదే గద, అందుకే దీని రోగాలన్నీ ఎరికైనయ్."

ఉపేందర్ కాళ్ళలో ఉన్న నూనె కూడా ఒక్కసారిగా దిగిపోయింది. రోడ్డు మీదే కూలబడ్డాడు.

"అన్నా, పెండ్లాం పిల్లలున్నోణ్ణి! పోలీసోళ్ళకు చెప్పకన్నా!"

"ముందుగాల లే. బండెక్కి గేరెయ్యి, చూద్దాం."

వేశాడు. బండి రెండు బారలు ఎక్కి మళ్ళీ అరుపు లంకించుకుంది. ధన్‌సింగ్ తల గోక్కున్నాడు.

"ముందుకు పోయే ప్లేట్లు అరిగినయ్. ఎనక గేరు ప్లేట్లు వేరే ఉంటయ్, అవి బాగనే ఉన్నట్టున్నయ్. కిందికి దింపి బండి తిప్పు. రివర్స్‌ల ఎక్కిద్దాం."

అలా, ఏ ఊరి నుంచి పారిపోవాలో ఆ ఊరి వైపే మొహం పెట్టుకుని, ఉపేందర్ వెనక్కి వెనక్కి పారిపోసాగాడు. ముందు అద్దంలోంచి చూస్తే బండి ఓనరు మోటారు సైకిల్ మీద ఎదురుగానే వస్తున్నాడు. చెయ్యి ఊపుతూ దారి చెబుతున్నాడు.

"ఎడమకు కొట్టు! గంతే గంతే... నిమ్మళంగ! లోయల పడ్తవ్!"

ఇప్పపూల గంప నెత్తిన పెట్టుకుని వస్తున్న ముసలామె పక్కకు తప్పుకుంది.

"ఏంది బిడ్డా, బండి అలిగిందా? ఎనకకు నడుస్తుంది!"

ఉపేందర్‌కు నవ్వు రాలేదు. సంగతి అర్థమైపోయింది. గుట్ట పైన పోలీసులు కాసుకుని ఉంటారు. దొంగను దొంగ చేతనే తోలించుకుపోతున్నాడు ఈ మహానుభావుడు.

తీరా పైకి చేరితే అక్కడ రెండు కోతులు తప్ప ఎవరూ లేరు. అంతలో ధన్‌సింగ్ ఫోను మోగింది. అవతల ఆయన భార్య పూలి. స్పీకరు అక్కర్లేని గొంతు.

"దొరికిందా బండి? మా అన్న చేతులార ఇచ్చిన బండి! నేను బతికున్నన్ని రోజులు అది నా వాకిట్ల ఉండాలె!"

"ఎక్కడ పూలీ! గుట్టలన్నీ దేవులాడిన. దొంగ ఎప్పుడో దాటిపోయిండు. ఇగ దొరకడు," అని ఏడుపు గొంతుతో చెప్పి ఫోను పెట్టేశాడు ధన్‌సింగ్.

ఉపేందర్ నోరు తెరిచాడు.

"అన్నా... నేనీడనే ఉన్న గద!"

ధన్‌సింగ్ అటూ ఇటూ చూసి, కిటికీలోంచి తల లోపలికి పెట్టాడు.

"బండి తిప్పుకొని జల్దీ పో తమ్మీ, అవతలంత దిగుడే. నీకంటె ముందు ఎత్తుకపోయిన ముగ్గురు దొంగలు ఈ గుట్టకాడనే ఇడిచిపెట్టి ఉరికితె, మూడుసార్లు నేనే మళ్ళ ఇంటికి తోలుకపోయిన!"