లేని అప్పుకు కిస్తీ

"మీకు అసలు హోమ్ లోనంటూ ఏదీ లేదండీ," అంది బ్యాంకు కౌంటర్లోని మేడమ్.

సైదులు తెల్లబోయాడు. "లేకపోవుడేంది మేడం? మా ఇల్లు మీ తాననే కుదువ ఉన్నది. నెలనెలా కిస్తీ కడుతున్న. గా కిస్తీ మూడు నెలలు ఆపుతరా అని అడుగుదామనే వచ్చిన. జర మంచిగ సూడుండ్రి!"

సోమవారంలోగా బిడ్డ శ్రుతికి సూర్యాపేటలో నర్సింగ్ కాలేజీ ఫీజు కట్టాలి. కట్టకపోతే సీటు పోయినట్టే. కిస్తీ ఆపే సంగతి భార్య నాగమణికి చెబితే పరేషాన్ అవుతుందని, తండ్రీ బిడ్డా గుట్టుగా మాట్లాడుకొని సైదులు ఒక్కడే బ్యాంకుకు వచ్చాడు.

మేడమ్‌ది కోదాడ. ఓపికగా మళ్ళీ కంప్యూటర్ చూసింది. "నాగమణి గారు మీ ఆవిడేగా? ఆవిడ పేరు మీద లోను, పక్కన మీ సంతకం. రెండేళ్ళ క్రితమే మొత్తం కట్టేసి ఇంటి కాగితాలు పట్టుకెళ్ళారండీ. ఇరవై ఏళ్ళ లోను, పదకొండేళ్ళు ముందే తీర్చేశారు!"

మిర్యాలగూడ రైస్ మిల్లులో లారీ నడుపుతాడు సైదులు. జీతం రాగానే కిస్తీ డబ్బు నాగమణి చేతిలో పెట్టడం అలవాటు. మొన్న ఒకటో తారీఖున కూడా పెట్టాడు. మరి ఈ రెండేళ్ళ డబ్బు ఏ గంగలో కలిసినట్టు?

మేడమ్ మాత్రం ముచ్చటగా చెప్పుకుపోతోంది. "పింఛన్ల రోజు ఆ జనంలో కూడా నిలబడేవారండీ. కిస్తీ కాక మూడొందలు, నాలుగొందలు, ఎంత మిగిలితే అంత అసలుకి జమ చేయమనేవారు. ఇన్నేళ్ళ సర్వీసులో అలాంటి మనిషిని నేను చూడలేదు."

సైదులు బయటికొచ్చి బండి తీశాడు. దారి పొడుగునా ఒక్కొక్కటీ గుర్తొచ్చింది. ఆదివారం అరకిలో చికెన్‌లో కిలో ఆలుగడ్డ. పండక్కి ఇంటిల్లిపాదికీ ఒకే తాను గుడ్డ. వాడకట్టు అంతటికీ జాకెట్లు కుట్టే నాగమణి తనకి మాత్రం పాత జాకెట్‌నే తిప్పి కుట్టుకునేది. పిసినారిదని ఎన్నిసార్లు ఆడిపోసుకున్నాడో! ఆ మూడొందలూ నాలుగొందలూ ఇందులోంచి పుట్టాయా? ఒకపక్క కోపం, ఒకపక్క ఆశ్చర్యం. ఏది ఎక్కువో అతనికే అంతు చిక్కలేదు.

ఇంటి ముందు తండ్రి పిచ్చయ్య మంచం మీద కూర్చుని ఉన్నాడు. వసారాలో నాగమణి మిషను కుడుతోంది. పక్కన సైదులు తల్లి నర్సమ్మ బియ్యం చెరుగుతోంది.

"లోను తీరి రెండేండ్లాయెనట?" అన్నాడు సైదులు వస్తూనే.

మిషను ఆగింది. నర్సమ్మ చేట అక్కడే పెట్టేసి చప్పుడు చేయకుండా లోపలికి వెళ్ళిపోయింది.

"బ్యాంకుకు పొయినవా?" అంది నాగమణి.

"పొయిన. తీరిన అప్పుకు నా దగ్గర పైసలెందుకు తీస్కున్నవే?"

"తీరిందని చెప్తే ఏం చేస్తుంటివి? నిజం చెప్పు."

సైదులు తల గోక్కున్నాడు. అబద్ధం చెప్పడం చేతకాని మనిషి, ఏం చేస్తాడు పాపం! "తమ్మునికి బండి కొనిస్తుంటి."

"ఇంకా?"

"దోస్తు సోమయ్య అప్పుకు జమానతు సంతకం పెడుతుంటి. శాన రోజుల సంది అడుగుతుండు."

"మరి శ్రుతి సదువు?"

నాగమణి లేచి దగ్గరికొచ్చింది. "నాలుగేండ్ల ఫీజు, హాస్టలు, అన్నీ దాని పేరు మీద పోస్టాఫీసుల ఉన్నయ్. సోమవారం ఇద్దరం పొయ్యి కట్టొద్దాం."

"నాలుగేండ్లకు సరిపోనా?"

"నాలుగేండ్లకు సరిపోను."

అవే జీతం డబ్బులు. అదే ఇల్లు, అవే నోళ్ళు. వాటిలోంచే నాగమణి ఒక ఇంటిని విడిపించి, ఒక చదువును నిలబెట్టింది. సైదులు చేతుల్లోనే ఉంటే? తమ్ముడి బండికీ, సోమయ్య జమానతుకీ పోయేవి. అయినా కడుపులో మాట ఆగలేదు.

"కిస్తీ కిస్తీ అనుకుంట నిద్ర లేకుండ కాకినాడ దాక లారీ ట్రిప్పులు కొట్టిన గదనే. నా మీద జర దయ రాలేదా?"

నాగమణి కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. "నువ్వు బండెక్కిన ప్రతిసారీ చెప్పేద్దామనే అనుకున్న. శ్రుతి మొఖం సూసి ఆగిన. తప్పయితే తిట్టు."

తిట్టడమా! సైదులు ఆమెకి రెండు చేతులెత్తి దండం పెట్టాడు. "ఛీ, ఎవరన్న సూస్తరు," అంటూ ఆమె ఆ చేతులు పట్టుకుని కిందికి దించింది.

కళ్ళు తుడుచుకుంటూ వచ్చి సైదులు తండ్రి పక్కన మంచం మీద కూలబడ్డాడు. "ఇన్నవా నాయినా, నా పెండ్లాం చేసిన పని?"

"అంత ఇన్న బిడ్డా," అన్నాడు పిచ్చయ్య నిట్టూరుస్తూ. "అదృష్టవంతునివి. ముందుగాల్నే తీరిపాయె. నా బాయి మోటరు అప్పే ఎంతకూ ఒడుస్తలేదు."

"బాయి మోటరా? పొలం అమ్మి ఇరవై ఏండ్లాయె గదనే!"

"పొలం పోతే అప్పు పోతదారా? ఇంకా నాలుగేండ్లున్నదంటది," అంటూ పిచ్చయ్య జేబులోంచి పింఛను డబ్బు తీసి లేచి నిలబడ్డాడు. "ఉండు, ఈ నెల కిస్తీ మీ అమ్మకిచ్చొస్త."