మూడో యజమాని

"ఇక్కడే వేసెయ్!" అంటూ బోరు లారీకి చెయ్యి ఊపాడు రిటైర్డ్ లెక్చరర్. ఉన్న ఒక్క ఫ్లాటూ అమ్మి, వీడియోలో చూసి, ఈ వానల దేశంలో అయిదెకరాలు కొన్నాడు. దాన్ని అమ్మిన ముసలాయన పక్క పొలంలోనే ఉంటాడు, ఎప్పుడో వలస వచ్చిన మనవాడే. మన భాష మాట్లాడాడు; ఇంకేం కావాలి?

"కాస్త లోతుగా వేయించు అబ్బాయ్," అన్నాడు ముసలాయన ప్రేమగా.

లెక్చరర్ భార్య చుట్టూ చూసింది. "ఇంత అడవిలో కంకర రోడ్డు ఎవరు వేశారు బాబాయ్ గారూ?"

"ఈ పొలం మొదట కొన్నాయన. రెండు వానాకాలాలకే జ్వరాలొచ్చి పారిపోయాడు పాపం."

"కరెంటు స్తంభాలు?"

"తర్వాతాయన. ఆయన్ని జలగలు సాగనంపాయి."

"పొలం ఎవరికి అమ్మి వెళ్లారు?"

"నాకే తల్లీ. ఈ మూల ఇంకెవరు కొంటారు? పావు వంతు ధరకి నేనే జాలిపడి తీసుకున్నా, రెండుసార్లూ."

"మేం పారిపోయే రకం కాదులే!" లెక్చరర్ ఛాతీ విరిచాడు.

"వాళ్లూ అచ్చం ఇలాగే అన్నారు నాయనా."

రోడ్డు ఒకరు, కరెంటు ఒకరు. నీళ్ల వంతు తమదని ఆమెకు అర్థమైంది. లారీ దగ్గరికి నడిచింది.

"బండి తిప్పు బాబూ. రెండు వానాకాలాలు నిలబడితే అప్పుడు పిలుస్తాం."

"మరి నీళ్లు?" మగవాళ్లిద్దరూ ఒక్కసారే అరిచారు.

"బాబాయ్ గారు ఇన్నేళ్లూ నీళ్లు మోసుకున్న వాగు ఉందిగా," అందామె. "పొద్దున్నే ఇద్దరూ కలిసి వెళ్లండి. బిందెలు నేనిస్తాను."