పసుపు పూసిన కంప్యూటర్

శాస్త్రం పేరు చెప్పి ఇంట్లోవాళ్ల నోరు మీరెప్పుడైనా మూయించారా? నేను మూయించాను.

పాత కంప్యూటర్ విప్పి, కొత్త బోర్డు వేసి నేనే బిగించాను. పొద్దున్న పూజ చేసి, ముందువైపు మౌసు, కీబోర్డు వైర్లు పెట్టే కన్నాలన్నిటికీ పసుపు ముద్ద మెత్తాను. సాయంత్రం అయిదులోగా మా అమ్మాయి రేఖ తన ప్రాజెక్టు శ్రీకాకుళం కాలేజీకి పంపాలి. అదంతా ఆ పెట్టెలోనే ఉంది.

తెర వెలిగింది. మౌసు కదల్లేదు, కీబోర్డు పలకలేదు. అగ్గిపుల్లతో పసుపు గీకాను, విసనకర్రతో విసిరాను, స్తోత్రం చదివాను.

"నాన్నా, ఎనక్కి తిప్పి..."

"ఊరుకోయే! పూజ సేసిన యంత్రాన్ని ఇయాళ కదపకూడదు. శాస్త్రం!"

"ఒక్క మాట సెప్పనీ నాన్నా."

"శాస్త్రం కన్నా నీకెక్కువ తెలుసేటి?"

అయిదు కొట్టింది. కూలబడ్డాను.

అప్పుడు రేఖ పెట్టెను తిప్పింది. వెనక కన్నాల మీది టేపు పీకి, వైర్లు అక్కడ పెట్టింది. మౌసు కదిలింది. గడువు ముగిసిందని తెర చెప్పింది.

"పొద్దున్న నువ్వు పసుపు కలుపుతన్నప్పుడే, ఎనక కన్నాలకైనా పసుపు అంటకుండా ఈ టేపు అంటించాను నాన్నా. అదే సెప్దామని."

అయ్యా, అమ్మా! మీ ఇంట్లోనూ ఎవరో ఒక మాట చెప్పబోయి ఆగిపోయి ఉంటారు. చేతిలో శాస్త్రగ్రంథం మూయండి. ఇవాళే, ఇప్పుడే వెళ్లి అడగండి.