విదేశం నుంచి తెచ్చుకున్న జబ్బు

విదేశయాత్ర నుంచి తిరిగొచ్చినా ఆయనకు విరేచనాలు ఆగలేదు. ఐసీయూలో మంచం పక్కన నిలబడి డాక్టరు పరీక్షల్లో తేలింది చెప్పాడు.

"అక్కడి తిండీ కాదు, నీళ్లూ కాదు. ముందుజాగ్రత్తకని రోజూ మింగిన యాంటీబయాటిక్ మాత్రలు. అవి పేగుల్లో మంచి క్రిముల్ని చంపేశాయి, చెడ్డది పెరిగిపోయింది. పెద్దపేగు తీసేయాలి. బతుకుతారని మాటివ్వలేను."

"మా ఆవిడే దగ్గరుండి మింగించింది," అన్నాడాయన. "నేను పోతే, తనే చంపానని కుమిలిపోతుంది. దానికి మాత్రం అక్కడి నీళ్లే కారణమని చెప్పండి డాక్టరుగారూ."

డాక్టరు బయటికొచ్చి అలాగే చెప్పాడు.

"అనుకుంటూనే ఉన్నా! మాత్రలు మింగినా ఇంత పని చేశాయంటే, ఏం నీళ్లండీ అవి?" అంటూ భార్య ఫోన్ తీసింది. "మా చెల్లెలు నిన్ననే ఆ దేశమే వెళ్లింది. దానికీ ఆ మాత్రలే ఇచ్చి పంపా. పూటకి రెండేసి మింగమంటాను."