కార్డు మీద నూట ఇరవై

అఖిల అబద్ధం రాసింది. కార్డు మీద, నీలం పెన్నుతో, నూట ఇరవై అని.

నిజానికి ఆ రోజు కొమురయ్య మోకాలు ఎనభై డిగ్రీలే వంగింది. ఆయన ఒక ఐటీ టవర్ గేటు దగ్గర సెక్యూరిటీ గార్డు. వానలో పార్కింగ్ ర్యాంపు మీద జారిపడితే మోకాలికి ఆపరేషనయింది. కంపెనీ ఇన్సూరెన్స్ వాళ్లు ఫిజియోథెరపీ పది రోజులకే ఒప్పుకున్నారు. ఆపైన కావాలంటే కార్డు చూసి చెబుతామన్నారు.

ఆ కార్డు రాసేది నల్లగండ్ల క్లినిక్‌లో ఫిజియోథెరపిస్టు అఖిల. కొమురయ్య రోజూ పరీక్ష రాసొచ్చిన పిల్లాడిలా అడిగేవాడు, “ఇయ్యాల ఎంతొచ్చింది బిడ్డా?” అని. తొమ్మిదో రోజు మరీ డీలాపడి వచ్చాడు. ఆయన జాగాలో ఇంకొకర్ని పెట్టుకుంటానని సూపర్‌వైజర్ బెదిరించాడట. పోనీలే పాపం, కాస్త ధైర్యం వస్తుంది కదా అని అఖిల నూట ఇరవై వేసి చూపించింది. ఆయన ముఖం చేటంత అయింది.

మర్నాడే ఆ కార్డు ఇన్సూరెన్స్ ఆఫీసుకు వెళ్లింది. వాళ్లకు కావాల్సిందీ అదే! మోకాలు బాగా వంగుతోంది, ఇక థెరపీ అక్కర్లేదని ఒక్క ముక్కలో తేల్చేశారు. అఖిల ఫోన్ చేసి లబోదిబోమంది. పొరపాటున రాశానంది. “రాసింది మీరే కదా మేడం?” అన్నారు అవతల.

ఆ రోజు నుంచి ఆమెకు అన్నం సయించలేదు. వారం తిరక్కుండా ఖాజాగూడలోని కొమురయ్య ఇంటికే వెళ్లడం మొదలుపెట్టింది. పొద్దున ఎనిమిదికల్లా స్కూటీ మీద వచ్చి, ముప్పావుగంట వ్యాయామాలు చేయించి, మళ్లీ క్లినిక్‌కి పరిగెత్తేది. పైసా ముట్టుకునేది కాదు. ఎందుకింత కష్టమంటే, “నా దారే గద కాకా” అనేది. దారీ కాదు, పాడూ కాదు.

రెండు గదుల కిరాయి ఇల్లు. ముందు గదిలో మంచం మీద కొమురయ్య. లోపలి గదికి పాత చీర తెర. దాని వెనక ఆయన భార్య మల్లమ్మ.

కొమురయ్యకు ఏది చెప్పినా ఓ పట్టాన ఎక్కేది కాదు. ప్రతిదీ గట్టిగా తిరిగి అడిగేవాడు.

“ఏమన్నవ్ బిడ్డా? మోకాలు కింద తువ్వాల పెట్టి, కిందికి అదిమి, పది లెక్కవెట్టాల్నా?”

“అవును కాకా. గట్టిగ అదమాలె.”

తెర వెనక నుంచి మల్లమ్మ లెక్కపెట్టేది. ఒకటి, రెండు, మూడు... ఏడు దాటేసరికి గొంతు వణికేది. ఒక్కోసారి మధ్యలో “అమ్మా” అని మూలిగేది. మొగుడి బాధకు ఎంత కుమిలిపోతోందో అని అఖిల తల దించుకునేది.

ఇన్ని రోజుల్లో ఆ మనిషి ఒక్కసారీ బయటికి రాలేదు. మంచిగున్నవా అని అడగలేదు. గ్లాసెడు మంచినీళ్లు ఇవ్వలేదు. “అదట్లనే బిడ్డా, కొత్తోళ్లంటే సిగ్గు” అనేవాడు కొమురయ్య. సిగ్గేం సిగ్గు! ఆమెకు సంగతి తెలిసిపోయింది, తన ముఖం చూడ్డం ఇష్టం లేదు, అంతే అనుకుంది అఖిల. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టుంది పిల్ల పరిస్థితి.

రెండు నెలలైనా మోకాలు తొంభై దాటలేదు. అక్కడికి రాగానే కొమురయ్య పళ్లు బిగబట్టి “ఇగ చాలు” అనేవాడు. కళ్లు ఎర్రగా ఉండేవి. వ్యాయామం మధ్యలోనే కునికిపాట్లు పడేవాడు. నొప్పికి రాత్రుళ్లు నిద్ర ఉండటం లేదు కాబోలు, ఆ పాపమూ తనదే అనుకునేది అఖిల.

ఇవాళ ఇక ఆమె వల్ల కాలేదు. ఆయన కాలు వదిలేసి, చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. లోపల మల్లమ్మ ఇంకా లెక్కపెడుతూనే ఉంది.

“కాకా, ఒక మాట చెప్త. తిడితే తిట్టు. నీకు ఇంకిన్ని రోజులు థెరపీ వచ్చేటిది. నేనే చెడగొట్టిన. ఎనభై వంగితే నూట ఇరవై అని రాసిన. నువ్వు ఖుష్ అయితవని రాసిన. గదే చూసి వాళ్లు బంద్ చేసిన్రు.” ఏడుపు ముంచుకొచ్చింది. “నీ కాలు గిట్ల నిలిచిపోయిందంటే నా వల్లనే. చిన్నమ్మకు గూడ తెలుసు. అందుకే నా ముఖం చూస్తలేదు.”

లోపల లెక్క ఆరు దగ్గర ఆగిపోయింది.

కొమురయ్య ముఖం పాలిపోయింది. అఖిల తిట్లకు సిద్ధపడింది.

ఆయన తిట్టలేదు. మంచం దిగాడు. దేన్నీ పట్టుకోకుండా ఆమె ముందు గొంతుక్కూచుని, రెండు చేతులూ జోడించాడు.

“మాఫ్ చెయ్యి బిడ్డా, నా కాలు ఎప్పుడో నిమ్మళమైంది, నైట్ డ్యూటీ ఎక్కి గూడ నెలన్నరాయె, మోకాలు విరిగి ఆపరేషనై, ఏ ఇన్సూరెన్సూ లేక మంచాన వడ్డ మా మల్లమ్మ, నువ్వు నాకు చెప్పేదంతా లోపల ఇనుకుంట చేసుకుంటున్నది.”